ఏ కంప్యూటరుకు ఏ మెమరీ?



లేపాక్షి, హిందూపురము ప్రాంతములలో ఇప్పుడు చాల ఇండ్లలో ఒక పాత ల్యాప్‌టాపో, డెస్క్‌టాప్ కంప్యూటరో కనబడుచున్నది. బెంగుళూరు దగ్గరే గనుక అక్కడి ఆఫీసులలో కొన్నేండ్లు వాడి తీసివేసిన యంత్రములు తక్కువ ధరకు ఇటు వచ్చుచున్నవి. వేరుశెనగ పంట చేతికి వచ్చిన ఏడో, పట్టుగూళ్లకు మంచి ధర పలికిన నెలలోనో, డిగ్రీ చదువుచున్న కుమార్తె కొరకు తండ్రి కష్టార్జితము పెట్టి అట్టి యంత్రమును కొనును. కొంతకాలమునకు అది నత్తనడక నడుచును. అప్పుడు ఎవరో ఒకరు "మెమరీ చాలదు, వేయించండి" అని చెప్పుదురు.

మాట నిజమే కావచ్చును. కాని మెమరీ అనునది ఒకే రకపు వస్తువు కాదు. చూచుటకు అన్నియు పచ్చని చిన్న పలకలే గాని, ఒక కంప్యూటరు పలక మరియొక దానిలో పట్టదు. పట్టినను కొన్ని పని చేయవు. కవరు చింపిన తరువాత అంగడివాడు వాపసు తీసికొనకపోవచ్చును. వానలేని ఏట రెండువేలు వృథా పోవుట చిన్న సంగతి కాదు. మరికొందరు ఒక చిన్న పలక వేసికొనిన ఇంకను నాలుగేండ్లు నడువగల యంత్రమును పనికిరానిదని పాత సామానువానికి ఇచ్చివేయుచున్నారు. అది మరింత నష్టము. కావున డబ్బు తీయుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులను ఈ నెల వరుసగా చూతము.

గాదె వేరు, చేట వేరు

మొదట మెమరీ అను మాటనే సరిచేసికొందము. మన పల్లెలలో ఫోనులో వేయు చిన్న కార్డును మెమరీ అందురు. పెన్ డ్రైవును కూడ మెమరీ అందురు. కంప్యూటరులో హార్డ్ డిస్కు ఉన్నది, అదియు మెమరీయే అందురు. ఇవన్నియు గాదె వంటివి. గింజలు గాదెలో పోసి మూత వేసిన రేపును ఉండును, వచ్చే ఏడును ఉండును. కరెంటు పోయినను అందులోని ఫోటోలు, పాఠములు పోవు.

ర్యామ్ అను మెమరీ చేట వంటిది. చెరుగవలసిన గింజలను గాదెలోనుండి చేటలోనికి తీసికొందుము. పని చేటలోనే జరుగును. చేట చిన్నదైన మాటిమాటికి లేచి గాదె యొద్దకు పోవలసి వచ్చును. పనికంటె తిరుగుటయే ఎక్కువ. కంప్యూటరు నత్తనడక నడుచుటకు ఒక ముఖ్యమైన కారణము ఇదే. కరెంటు తీసినప్పుడు ఈ చేట ఖాళీ అగును. అందుకే వ్రాయుచున్న పాఠమును మధ్యలో సేవ్ చేయవలెనని పిల్లలకు చెప్పుదురు.

ఫోను పెట్టెమీద "4 జి.బి. ర్యామ్, 64 జి.బి. స్టోరేజి" అని ఉండును. మొదటిది చేట, రెండవది గాదె. కొన్ని ప్రకటనలలో ర్యామ్ "8+8" అని పెద్ద అక్షరములతో వేయుచున్నారు. అందులో రెండవ ఎనిమిది నిజమైన ర్యామ్ కాదు. గాదెలో ఒక మూలను చేటగా వాడుకొనుట మాత్రమే. అది నిజమైన చేటంత వేగముగా పని చేయదు. ఫోనులో ర్యామ్‌ను తరువాత పెంచుకొనుటకు వీలు లేదు గనుక కొనునప్పుడే మొదటి సంఖ్యను చూచుకొనవలెను.

చిల్లు కుండలో నీరు

ఈ చేట ఎట్లు పని చేయును? చిప్పులో లెక్కలేనన్ని చిన్న చిన్న కుండలవంటి అరలు ఉండును. ఒక్కొక్క అరలో కొద్దిపాటి విద్యుత్తు నిలుచును. నిండిన అర ఒకటి, ఖాళీ అర సున్న. 8 జి.బి. మెమరీలో ఇట్టి అరలు 6,870 కోట్లకు పైగా ఉండును. అయితే ప్రతి కుండకు చిల్లు ఉన్నది. విద్యుత్తు కారిపోవుచునే ఉండును. అందువలన కంప్యూటరు ప్రతి అరను 64 మిల్లీసెకన్ల లోపల, అనగా సెకనులో సుమారు పదహారవ వంతులో, ఒకసారి చదివి మరల నింపుచుండును. కరెంటు ఉన్నంతసేపు ఈ నింపుడు ఆగదు. కరెంటు పోయిన క్షణములలో అంతయు కారిపోవును.

ఒక్కొక్క అరకు ఒకే ట్రాన్సిస్టరు, విద్యుత్తు నిలుపు ఒక చిన్న భాగము చాలునన్న ఆలోచన 1966లో ఐ.బి.ఎమ్. సంస్థలో పని చేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కు వచ్చెను. 1968లో దానికి పేటెంటు లభించెను. ఇట్లు మాటిమాటికి నింపవలసిన జాతి మెమరీలో 1970లో ఇంటెల్ సంస్థ 1103 అను చిప్పును అమ్మకమునకు తెచ్చెను. అందులో 1,024 అరలు మాత్రమే ఉండెను.

అంతకు ముందు కంప్యూటర్లలో వాడినది కోర్ మెమరీ. అయస్కాంత గుణముగల అతి చిన్న ఉంగరములను సన్నని తీగెలలో పూసలవలె చేతితో గ్రుచ్చి దానిని చేసెడివారు. దానిలోని సంగతి కరెంటు పోయినను పోదు గాని, అది ఖరీదైనది, స్థలము ఎక్కువ పట్టునది. హైదరాబాదులో 1967లో నెలకొల్పబడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తయారుచేసిన టి.డి.సి.-12 కంప్యూటరు ఆ కోర్ మెమరీ కాలమునకు చెందినదే.

పలకలుగా మారిన విధము

మొదట మెమరీ చిప్పులను ఒక్కొక్కటిగా కంప్యూటరు పెద్ద బోర్డుమీద గ్రుచ్చెడివారు. పెంచవలెనన్న కష్టము, ఒక కాలు వంగిన చిప్పు పోవును. 1980లలో చిప్పులనన్నిటిని ఒక చిన్న పలకమీద అమర్చి, ఆ పలకను గాడిలో పెట్టు పద్ధతి వచ్చెను. వీటిని సిమ్ము అనిరి. ఫోనులో వేయు సిమ్ కార్డుకు దీనికి సంబంధము లేదు.

మొదటి సిమ్ములకు 30 పిన్నులు. ఒక పలక ఒకసారికి 8 బిట్లను మాత్రమే అందించును. 486 కంప్యూటరుకు ఒకసారికి 32 బిట్లు కావలెను గనుక నాలుగు పలకలు కలిపి వేయవలసి వచ్చెడిది. తరువాత 72 పిన్నుల సిమ్ములు వచ్చెను. వాటితో 486కు ఒకటి చాలును గాని, 1993లో వచ్చిన పెంటియమ్‌కు 64 బిట్లు కావలెను గనుక జతగా వేసిరి. పిమ్మట పలక రెండు ముఖములలోని పిన్నులు వేర్వేరుగా పని చేయు డిమ్ము వచ్చెను. దానికి 168 పిన్నులు. 64 బిట్లను ఒక్కటే అందించును. నేడు డెస్క్‌టాపులో వేయునది ఈ డిమ్ము సంతతియే.

ఐదు తరములు

నేడు మనము వాడునది డి.డి.ఆర్. జాతి. ధర్మవరము మగ్గముమీద నాడెను చూచియుందురు. అది పోవునప్పుడును పోగు వేయును, వచ్చునప్పుడును వేయును. డి.డి.ఆర్. మెమరీ కూడ అట్లే. కంప్యూటరు గడియారపు ప్రతి తాళములో పోవు దెబ్బకు ఒకసారి, వచ్చు దెబ్బకు ఒకసారి సమాచారమును అందించును. దానికి ముందున్న మెమరీ ఒకసారి మాత్రమే అందించెడిది.

ఈ జాతిలో ఇప్పటికి ఐదు తరములు వచ్చెను. డెస్క్‌టాప్ పలకల లెక్క ఇది:

డి.డి.ఆర్. మొదటి తరము: ప్రమాణము 2000లో వచ్చినది. 184 పిన్నులు, 2.5 వోల్టులు.
డి.డి.ఆర్.2: 2003. 240 పిన్నులు, 1.8 వోల్టులు.
డి.డి.ఆర్.3: 2007. 240 పిన్నులు, 1.5 వోల్టులు.
డి.డి.ఆర్.4: ప్రమాణము 2012లో వచ్చి, 2014లో అంగళ్లకు చేరెను. 288 పిన్నులు, 1.2 వోల్టులు.
డి.డి.ఆర్.5: 2020. 288 పిన్నులు, 1.1 వోల్టులు.

తరము మారిన కొలది వేగము పెరిగెను, వోల్టేజి తగ్గెను. వోల్టేజి వేరు గనుక ఒక తరపు గాడిలో మరియొక తరపు పలకను పెట్టరాదు. తెలియక పెట్టుదురేమోనని తయారుచేసినవారు పలక అంచున ఒక గాటు పెట్టిరి. డి.డి.ఆర్.2కు, డి.డి.ఆర్.3కు పిన్నుల సంఖ్య ఒకటే గాని గాటు ఉన్న చోటు వేరు. 4కు, 5కు కూడ అంతే. తాళమునకు తగిన చెవి అయిననే లోనికి పోవును. గాటు కలియకపోయిన బలవంతముగా నొక్కకూడదు. నొక్కిన పలకయే గాక గాడి కూడ విరుగును.

కొత్త తరము మంచిదని విని పాత కంప్యూటరుకు డి.డి.ఆర్.5 అడుగువారున్నారు. పాత బోర్డు ఏ తరమునకు చేయబడెనో జీవితాంతము ఆ తరమే వేయవలెను.

పొడవు పలక, పొట్టి పలక

తరము తెలిసిన తరువాత రెండవ సంగతి పొడవు. డెస్క్‌టాపు పలక సుమారు జానెడు కంటె తక్కువగా, 13 సెంటీమీటర్లు ఉండును. ల్యాప్‌టాపు పలక దానిలో సుమారు సగమే. దీనిని సో-డిమ్ము అందురు. దీని పిన్నులు డి.డి.ఆర్.3లో 204, డి.డి.ఆర్.4లో 260, డి.డి.ఆర్.5లో 262. ఒకదానిలో మరియొకటి పట్టదు.

కొన్ని పలుచని ల్యాప్‌టాపులలో పలకయే ఉండదు. చిప్పులను బోర్డుకే సోల్డరింగు చేసియుందురు. వాటిలో మెమరీ పెంచుట మన చేతిలో లేదు. పాత ల్యాప్‌టాపు కొనునప్పుడు "మెమరీ పెంచుకొనుటకు గాడి ఉన్నదా?" అని అడుగుట మరువకండి. ఈ ఒక్క ప్రశ్న తరువాతి ఖర్చును చాల తప్పించును.

పలకమీది చీటీని చదువుట

ప్రతి పలకమీద ఒక చీటీ అంటించి ఉండును. దానిని చదువ నేర్చిన అంగడివాని మాటమీద ఆధారపడనక్కరలేదు. "పి.సి.3" అని ఉన్న అది డి.డి.ఆర్.3. "పి.సి.4" అని ఉన్న డి.డి.ఆర్.4. దాని ప్రక్క సంఖ్య వేగమును చెప్పును. "పి.సి.3-12800" అనగా సెకనుకు 12,800 మెగాబైట్లు అందించునని అర్థము. దానినే డి.డి.ఆర్.3-1600 అని కూడ పిలుతురు. 1600ను 8తో గుణించిన 12,800 వచ్చును. రెండు పేర్లు చూచి రెండు రకములని అనుకొనరాదు.

"పి.సి.3ఎల్" అని ఎల్ అక్షరము ఉన్న అది 1.35 వోల్టులతో పని చేయు డి.డి.ఆర్.3. 2013 తరువాత వచ్చిన చాల ల్యాప్‌టాపులకు ఈ ఎల్ రకమే కావలెను. ఎల్ రకము సాధారణముగా 1.5 వోల్టులలో కూడ నడుచును గాని, ఎల్ లేనిది తక్కువ వోల్టేజి యంత్రములో నడువదు. కావున డి.డి.ఆర్.3 ల్యాప్‌టాపుకు ఎల్ రకము అడుగుట మేలు.

చీటీలో మరియొక అక్షరము ముఖ్యమైనది. డి.డి.ఆర్.3లో వేగపు సంఖ్య వెంటనే, డి.డి.ఆర్.4లో దాని తరువాతి గీతకు ప్రక్కన అది ఉండును. ఎస్ అన్న ల్యాప్‌టాపు పొట్టి పలక. యు అన్న మామూలు డెస్క్‌టాపు పలక. ఆర్ అన్న జాగ్రత్తపడవలెను. అది పెద్ద సర్వర్లకు చేయబడిన పలక. సర్వర్లను మార్చునప్పుడు ఇట్టివి తక్కువ ధరకు అంగళ్లకు వచ్చును. డి.డి.ఆర్.4లో ఆర్ రకపు పలక మన డెస్క్‌టాపు గాడిలో చక్కగా దిగును, గాటు కూడ కలియును. కాని మామూలు కంప్యూటరు దానితో మేల్కొనదు. మిక్కిలి చవుకగా 16 జి.బి. దొరికిన సంతోషించుటకు ముందు ఆ అక్షరమును చూడండి.

ఎంత కావలెను?

అసలు మెమరీయే చాలకపోయెనా అని మొదట చూడవలెను. విండోస్ కంప్యూటరులో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కిన టాస్క్ మేనేజరు తెరుచుకొనును. రోజూ చేయు పనులు తెరచి ఉంచి అక్కడ మెమరీ ఎంత శాతము నిండెనో చూడండి. ఎప్పుడును 85, 90 దాటి ఉన్న చేట చిన్నదే. మెమరీ సగమే నిండి డిస్కు మాత్రము నూటికి నూరు ఉన్న తప్పు చేటది కాదు, గాదెది. అప్పుడు పాత హార్డ్ డిస్కును తీసి ఎస్.ఎస్.డి. వేయించిన ఎక్కువ మేలు కలుగును. అక్కడనే మెమరీ పేజీలో ఎన్ని గాడులున్నవో, ఎన్ని నిండినవో కూడ కనబడును.

విండోస్ 11కు కనీసము 4 జి.బి. కావలెనని మైక్రోసాఫ్ట్ నియమము. కాని ఆరంభించుటకే అది సరిపోవును. ఆన్‌లైన్ పాఠములు, ప్రాజెక్టు వ్రాతలు, మందిరములో తెరమీద పాటలు చూపుట వంటి పనులకు 8 జి.బి. హాయిగా సరిపోవును. ఇంజనీరింగు డ్రాయింగులు, వీడియో కూర్పు చేయువారికి 16 జి.బి. ఉండుట మంచిది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసెను. విండోస్ 11 ఎక్కని పాత యంత్రములో లినక్సు వేసికొనిన 4 జి.బి.తోనే చాల పనులు జరుగును.

పాత కంప్యూటర్లలో ఒక చిక్కు ఉన్నది. అందులో 32 బిట్ల విండోస్ వేసియున్న, మీరు 8 జి.బి. పెట్టినను అది 4 జి.బి. మించి వాడుకొనలేదు. సెట్టింగులలో సిస్టమ్ అను చోట 64 బిట్ అని ఉన్నదో లేదో ముందు చూచుకొనండి. బోర్డు ఎంతవరకు తీసికొనునో దానికి కూడ ఒక హద్దు ఉండును. కంపెనీ పేరు, మోడలు సంఖ్య చూపిన అంగడిలో చెప్పుదురు.

రెండు గాడులున్న ఒకే రకపు పలకలను జతగా వేయుట మంచిది. అప్పుడు కంప్యూటరు రెండింటినుండి ఒకేసారి సమాచారము తీసికొనును. వేగము తేడాగల పలకలను వేసిన సాధారణముగా రెండును తక్కువ వేగముతో నడుచును. జోడెద్దులలో ఒకటి నెమ్మదియైన బండి దాని నడకనే పోవును గదా!

ఎక్కడ కొనవలెను?

మన ప్రాంతపువారికి బెంగుళూరు ఎస్.పి. రోడ్డు, తెలంగాణ వైపువారికి సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరుపొందిన కంప్యూటరు అంగళ్లు. వెళ్లునప్పుడు మీ కంప్యూటరులోని పాత పలకను తీసి కాగితములో చుట్టి వెంట తీసికొనిపోవుట అన్నిటికంటె మంచి ఉపాయము. అది వీలు కాకపోయిన దాని చీటీని ఫోనులో ఫోటో తీసికొనండి.

ధరల సంగతి కూడ చెప్పవలెను. ప్రపంచములో ఈ జాతి మెమరీని చాలవరకు తయారుచేయునవి మూడు సంస్థలే: శాంసంగ్, ఎస్.కె. హైనిక్స్, మైక్రాన్. ఇందులో మైక్రాన్‌కు 2019 నుండి హైదరాబాదులో పెద్ద కేంద్రము గలదు. 2023లో గుజరాతులోని సానంద్‌లో చిప్పులను కూర్చి పరీక్షించు కర్మాగారమునకు పని మొదలుపెట్టెను. కృత్రిమ మేధకు వాడు పెద్ద యంత్రములకు ఈ సంస్థలు ఎక్కువ మెమరీ అమ్ముచున్నందున 2025 చివరి నెలలలో మామూలు పలకల ధరలు బాగుగా పెరిగెను. ఇండ్లలో వాడుకొనుటకు క్రూషియల్ అను పేరుతో అమ్ముచున్న వ్యాపారమును విడిచిపెట్టుచున్నట్లు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించెను. ధర పెరిగినప్పుడు వాడిన సరుకు అమ్మకము కూడ పెరుగును. వాడిన పలకను కొనుటలో తప్పు లేదు. కాని బిల్లు, కనీసము కొన్ని నెలల గ్యారంటీ అడుగండి. ఇంటికి వచ్చిన రాత్రి విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ అను పరీక్షను నడిపించండి. తప్పు కనబడిన మరునాడే తీసికొనిపోవచ్చును.

అమర్చునప్పుడు

మన మెట్టభూములలో వేసవి గాలి మిక్కిలి పొడిగా ఉండును. పొడిగాలిలో ఒంటిమీద నిలువ విద్యుత్తు చేరును. మన చేతికి చుర్రుమని తెలియనంత కొద్దిది కూడ చిప్పును చంపగలదు. కావున ప్లగ్గు తీయండి. ల్యాప్‌టాపైన బ్యాటరీని విడదీయండి. పవర్ బటనును కొన్ని సెకన్లు నొక్కి ఉంచండి. తరువాత పెయింటు లేని ఇనుప వస్తువును చేతితో తాకి, అప్పుడు పలకను పట్టుకొనండి. అంచులు మాత్రమే పట్టవలెను. పసుపురంగు పిన్నులను తాకరాదు.

ల్యాప్‌టాపులో పలకను ఏటవాలుగా గాడిలోనికి త్రోసి, క్రిందికి వంచిన రెండు ప్రక్కల కొక్కెములు టక్కున పట్టుకొనును. డెస్క్‌టాపులో నిలువుగా పెట్టి రెండు చివరలను సమముగా నొక్కవలెను. లేపాక్షి గుడిలోని వ్రేలాడు స్తంభము చూచువారికి నేలమీద నిలిచినట్లే ఉండును గాని దాని క్రిందనుండి పలుచని గుడ్డ దూరును. మెమరీ పలక కూడ ఒక్కొక్కసారి అట్లే దిగినట్లు కనబడి ఒక కొన పైకి లేచియుండును. అప్పుడు తెర నల్లగా ఉండి, చాల డెస్క్‌టాపులు పీప్ పీప్ అని అరచును. ఇది చూచి కంప్యూటరు పోయినదని భయపడనక్కరలేదు. తీసి మరల గట్టిగా అమర్చండి. మునుపు బాగుగా నడిచిన యంత్రము దుమ్ము వలన ఇట్లే అరచుట కద్దు. పిన్నులను పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడిని ఊడ్చి, మరల పెట్టిన అనేకసార్లు లేచి నడుచును.

తలిదండ్రులారా, బస్సు ఎక్కుటకు ముందు పిల్లలచేత ఒక కాగితముమీద ఈ ఐదు సంగతులు వ్రాయించండి: డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా? ఏ తరము? ఇప్పుడు ఎంత ఉన్నది, ఎంతవరకు పట్టును? ఖాళీ గాడి ఉన్నదా? విండోస్ 32 బిట్లా, 64 బిట్లా? ఇంగ్లీషు రాని తండ్రియైనను ఆ కాగితమును పాత పలకను అంగడి బల్లమీద పెట్టిన, అతనికి ఏది కావలెనో అంగడివానికి తెలియును. అతనికి తెలిసినదన్న సంగతియు అంగడివానికి తెలియును.